డబ్బాకి కిటికీ పెట్టినవాళ్ళు: రంగు లైట్ల పీసీ వెనకాల ఉన్న వేడి కథ

ఫోన్‌లో రీల్స్ తిప్పుతుంటే ఇది మీకు ఎప్పుడో ఒకప్పుడు కనబడే ఉంటుంది. బల్ల మీద అద్దాల పెట్టె, లోపల ఏడెనిమిది ఫ్యాన్లు, ఒక్కో ఫ్యానూ రంగులు మార్చుకుంటూ తిరుగుతుంటుంది. కింద కామెంట్లలో సగం మంది "సూపర్ బ్రో" అంటారు. మిగతా సగం మంది "లైట్లు పెడితే గేమ్ స్పీడ్ పెరుగుతుందా ఏంటి" అని ఏడిపిస్తారు.

ఇవాళ ఆ లైట్ల చరిత్ర చెప్పుకుందాం. కంప్యూటర్‌కి లైట్లు పెట్టాలన్నది ఏదో కంపెనీ మార్కెటింగ్ టీమ్‌కి వచ్చిన ఐడియా అని చాలామంది అనుకుంటారు. అసలు కథ లైట్లతో మొదలవ్వలేదు, వేడితో మొదలైంది. వేడి తట్టుకోలేక కొంతమంది కుర్రాళ్ళు తమ సొంత కంప్యూటర్ డబ్బాకి రంపం పెట్టి కోశారు. కోసిన చోట ఫ్యాన్ వచ్చింది, దాని పక్కన కిటికీ వచ్చింది, కిటికీలోంచి కనబడాలని లైటు వచ్చింది. వరస అదీ.

ముందు ఒక మాట. మన దగ్గర చాలామంది ఈ డబ్బా మొత్తాన్నీ "సీపీయూ" అనేస్తారు. అసలు సీపీయూ అంటే లోపల మదర్‌బోర్డు మీద కూర్చునే చిప్పు. బయటి డబ్బాని షాపులవాళ్ళు క్యాబినెట్ అంటారు. నేనూ అలాగే అంటాను, ఎందుకంటే ఈ కథలో హీరో ఆ క్యాబినెట్టే.

విప్పగలిగే డబ్బా

1980కి వెళ్దాం. యాపిల్ కంపెనీ ఆ ఏడాది యాపిల్ 3 అనే కంప్యూటర్ తెచ్చింది. ఫ్యాన్ చప్పుడంటే స్టీవ్ జాబ్స్‌కి గిట్టదు. అందుకని లోపల ఫ్యాన్ పెట్టలేదు. వేడి అల్యూమినియం అడుగు భాగం గుండా బయటికి పోతుందనుకున్నారు. మొదట అమ్మినవాటిలో చాలా యంత్రాలు సతాయించాయి, ఆ మోడల్‌కి వచ్చిన చెడ్డపేరు మళ్ళీ పోలేదు. వేడిని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇప్పటికీ ఈ కథే చెబుతారు.

మరుసటి ఏడాది, 1981 ఆగస్టు 12న, ఐబీఎం తన పీసీని విడుదల చేసింది. మోడల్ నంబరు 5150. చిప్పు ఇంటెల్ 8088, స్పీడు 4.77 మెగాహెర్ట్జ్. గిగాహెర్ట్జ్ కాదండీ, మెగాహెర్ట్జే. అమెరికాలో బేసిక్ మోడల్ ధర 1,565 డాలర్లు. ఫ్లోరిడాలోని బోకా రేటన్‌లో ఒక చిన్న టీమ్ దాన్ని సుమారు ఏడాదిలో తయారుచేసింది. అంత తొందర పనిలో అన్నీ సొంతంగా చేసుకునే టైమ్ ఎక్కడిది? బయట దొరికే పార్టులే కొని పెట్టారు. అంతేకాదు, లోపలి సర్క్యూట్లు ఎలా ఉంటాయో చెప్పే టెక్నికల్ మాన్యువల్ కూడా అమ్మకానికి పెట్టేశారు. ఇంకెవరైనా కార్డులు చేసి అందులో గుచ్చుకోవచ్చు అన్నమాట. రెండు మూడేళ్ళలో కాంపాక్ లాంటి కంపెనీలు అలాంటివే పీసీలు చేసి అమ్మడం మొదలెట్టాయి.

ఈ డబ్బా లేత గోధుమ రంగులో, అందం చందం లేకుండా ఉండేది. కానీ ఒక స్క్రూడ్రైవర్ ఉంటే చాలు, ఎవరైనా విప్పొచ్చు. సరిగ్గా 1984లో యాపిల్ తెచ్చిన మాకింతోష్‌ని తీసుకోండి. దాన్ని తెరవాలంటే మామూలు స్క్రూడ్రైవర్ పనికిరాదు, పొడుగాటి స్పెషల్ టూల్ కావాలి. తయారుచేసిన టీమ్ వాళ్ళ సంతకాలు ఆ డబ్బా లోపలి గోడ మీద అచ్చు వేయించారు. కొన్నవాళ్ళలో ఎక్కువమంది వాటిని ఎప్పుడూ చూసి ఉండరు. రెండు డబ్బాలు, రెండు ఆలోచనలు. ఒకటి "తెరువు" అంటుంది, ఇంకోటి "ముట్టుకోకు" అంటుంది. ఈ తేడాని గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలతల పద్ధతి తెచ్చింది. మదర్‌బోర్డుకి స్క్రూ రంధ్రాలు ఎక్కడెక్కడ ఉండాలి, పవర్ సప్లై ఎక్కడ కూర్చోవాలి, వెనకాల పోర్టులు ఎక్కడ రావాలి అన్నీ అందులో ఫిక్స్ చేసేశారు. ఫ్యాన్ల కొలతలు కూడా ఇలాగే అందరికీ ఒకటే. 80 మిల్లీమీటర్ల ఫ్యాన్‌కి స్క్రూ రంధ్రాల మధ్య దూరం 71.5 మిల్లీమీటర్లు, 120 ఫ్యాన్‌కి 105 మిల్లీమీటర్లు. ఏ కంపెనీ ఫ్యాన్ అయినా ఏ కంపెనీ క్యాబినెట్‌లో అయినా బిగుస్తుంది. వినడానికి బోరుగా ఉందా? ఈ బోరు కొలతలు లేకపోతే ఇవాళ మనం మాట్లాడుకునే కథే లేదు.

వేడి పెరిగింది, రంపం బయటికొచ్చింది

1985లో వచ్చిన 386 చిప్పు మీద మామూలుగా ఏమీ ఉండేది కాదు. ఫ్యాన్ సంగతి అలా ఉంచండి, వేడిని లాగే లోహపు రెక్కలు కూడా ఉండేవి కావు. 1993లో మొదటి పెంటియమ్ వచ్చింది, అది 16 వాట్ల దాకా తినేది. దాని నెత్తిన రెక్కలూ ఫ్యానూ కూర్చున్నాయి. 2004కి వచ్చేసరికి ప్రెస్కాట్ రకం పెంటియమ్ 4 వంద వాట్లు దాటేసింది. అంటే పాతకాలం గుండు బల్బు ఒకటి ఇనప డబ్బాలో పెట్టి మూత బిగించినట్టే కదా! ఈ పదేళ్ళలోనే మన కథ అంతా నడిచింది.

మధ్యలో ఒక చిన్న చిప్పు నిప్పు రాజేసింది. 1998 ఆగస్టులో ఇంటెల్ సెలెరాన్ 300ఏ అని చవక చిప్పు తెచ్చింది. ధర 150 డాలర్ల లోపు. స్పీడు 300 మెగాహెర్ట్జ్. దాని బస్ స్పీడుని 66 నుంచి 100కి మారిస్తే చాలు, చాలా చిప్పులు 450 మెగాహెర్ట్జ్ దగ్గర హాయిగా నడిచేవి. అదే రోజుల్లో అసలైన 450 పెంటియమ్ 2 కొనాలంటే 600 డాలర్ల పైన పెట్టాలి. కాలేజీ కుర్రాడికి ఇంతకంటే ఏం కావాలి? ఓవర్‌క్లాకింగ్ అనే మాట అప్పుడే కాలేజీ హాస్టళ్ళ దాకా పాకింది.

కానీ స్పీడు ఊరికే రాదు. పెంచిన ప్రతి మెగాహెర్ట్జ్‌కీ వేడి కట్టాలి. అప్పటి క్యాబినెట్లలో గాలికి దారేది? ముందువైపు ప్లాస్టిక్ మొహం. వెనకాల ఫ్యాన్ పెట్టే చోట రేకుకే చిన్న చిన్న కన్నాలు కొట్టి వదిలేసేవాళ్ళు. ఫ్యాన్ తోసే గాలిలో చాలా భాగం ఆ రేకుకి కొట్టుకుని వెనక్కి వచ్చేసేది. కాబట్టి మొదటి మార్పు ఏంటంటే, ఆ కన్నాల రేకుని కత్తిరించి పారేసి, దాని బదులు సన్నటి తీగ జాలీ పెట్టడం. రెండో మార్పు, వేడిగాలి పైకి లేస్తుంది కాబట్టి డబ్బా నెత్తిన గుండ్రటి కన్నం కోసి ఒక ఫ్యాన్ బిగించడం. దీన్ని బ్లోహోల్ అనేవాళ్ళు. డ్రిల్లుకి తగిలించే హోల్ సా, డ్రెమెల్ లాంటి చేతి మిషను, అంచులు నునుపు చేయడానికి ఆకురాయి. ఇవే ఆయుధాలు.

కోసేముందు లోపలి సామానంతా బయటికి తీసెయ్యాలి. ఎందుకంటే ఇనప రజను ఒక్క రవ్వ మదర్‌బోర్డు మీద పడినా షార్ట్ అయిపోతుంది. ఇవన్నీ ఏ కాలేజీలోనూ నేర్పలేదు. ఒకడు కోసి ఫోటోలు నెట్‌లో పెట్టేవాడు, అవి చూసి ఇంకొకడు కోసేవాడు.

ఫ్యాన్లు పెరిగాక కొత్త తలనొప్పి వచ్చింది, చప్పుడు. చిన్న 80 మిల్లీమీటర్ల ఫ్యాన్లు ఫుల్ స్పీడులో మిక్సీలా అరిచేవి. దీనికీ ఒక చిట్కా కనిపెట్టారు. కంప్యూటర్ పవర్ సప్లైలో పసుపు వైరు 12 వోల్టులు, ఎరుపు వైరు 5 వోల్టులు, నలుపు సున్నా. ఫ్యాన్‌ని పసుపుకీ నలుపుకీ మధ్య కలపడం మామూలు పద్ధతి. అలా కాకుండా పసుపుకీ ఎరుపుకీ మధ్య కలిపితే? పన్నెండులోంచి అయిదు తీస్తే ఏడు. ఫ్యాన్ 7 వోల్టుల మీద మెల్లగా తిరుగుతుంది. ఎక్కాల పుస్తకం లెక్కతో చప్పుడు తగ్గించేశారు చూడండి! ఫ్యాన్ స్పీడు సగం చేస్తే గాలి సగమవుతుంది, చప్పుడు మాత్రం సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. అందుకే చిన్నది గిరగిరా తిరగడం కన్నా పెద్దది నిదానంగా తిరగడమే మేలని అందరికీ అర్థమైంది. 80 పోయి 120 రావడానికి కారణం ఇదే. తర్వాత నాలుగు వైర్ల ఫ్యాన్లు వచ్చాయి. నాలుగో వైరు మీద సెకనుకి 25 వేల సార్లు కొట్టుకునే సిగ్నల్ వెళ్తుంది, దాన్ని బట్టి మదర్‌బోర్డే ఫ్యాన్ స్పీడుని చూసుకుంటుంది. ఇప్పుడు ఆ 7 వోల్టుల చిట్కాతో పనిలేదు, మీరు ట్రై చేయకండి.

డబ్బా వీధిలోకొచ్చింది

సరే, గాలి సంగతి అర్థమైంది. మరి కిటికీ ఎందుకు? గాలి కోసమైతే కన్నం చాలు కదా?

దీనికి జవాబు లాన్ పార్టీల్లో ఉంది. 1990ల్లో ఇంటర్నెట్ అంటే టెలిఫోన్ లైన్ మీద నడిచే డయల్ అప్. దాని మీద షూటింగ్ గేమ్ ఆడితే, మీరు తుపాకీ పేల్చే లోపే మీరు చచ్చిపోయి ఉంటారు. అందుకని అందరూ ఎవరి కంప్యూటర్ వాళ్ళు మోసుకుని ఒక హాలుకి వెళ్ళి, కేబుళ్ళతో కలుపుకుని ఆడుకునేవాళ్ళు. స్వీడన్‌లో డ్రీమ్‌హ్యాక్ 1994లో, అమెరికాలోని టెక్సాస్‌లో క్వేక్‌కాన్ 1996లో మొదలయ్యాయి. అప్పటిదాకా బల్ల కింద దుమ్ము కొట్టుకుంటూ ఉన్న డబ్బా ఒక్కసారి జనం మధ్యకి వచ్చింది. హాల్లో వందల డబ్బాలు, అన్నీ ఒకే గోధుమ రంగు. నీది ఏదిరా అంటే చూపించుకోవడానికి గుర్తు ఉండాలి కదా?

మొదట రంగు స్ప్రే కొట్టారు. తర్వాత పక్క రేకుని కోసి, అక్రిలిక్ షీట్ ముక్క అమర్చి, అంచులకి రబ్బరు పట్టీ తొడిగారు. ఇంత కష్టపడి లోపల బిగించిన ఫ్యాన్లు, సర్దిన వైర్లు నలుగురూ చూడాలి. అది గొప్పలకే అనుకుంటే పొరపాటు. "నేను తెరిచాను, నాకు లోపల ఏముందో తెలుసు" అని చెప్పుకోవడం అందులో ఉంది. మన దగ్గర కొత్త ఆటో కొన్నవాడు దానికి స్టిక్కర్లు, కుచ్చులు, లైట్లు పెట్టుకుని సొంతం చేసుకుంటాడే, అదే మనసు.

1998లో యాపిల్ ఐమ్యాక్ కూడా పారదర్శకమైన నీలిరంగు ప్లాస్టిక్‌తో వచ్చింది. కంప్యూటర్ అంటే గోధుమ రంగే అన్న అలవాటుని అది పెద్ద ఎత్తున చెరిపేసింది. కాకపోతే ఒక తేడా ఉంది. ఐమ్యాక్ రంగు కంపెనీ ఇచ్చింది, లాన్ పార్టీ డబ్బా రంగు దాని ఓనరు వేసుకున్నాడు.

కిటికీ పెట్టాక లోపల చూస్తే చీకటి! అప్పుడు వచ్చింది లైటు. మొదట్లో ఎక్కువగా వాడినవి కోల్డ్ కాథోడ్ గొట్టాలు. స్కానర్లలో, పాత ల్యాప్‌టాప్ తెరల వెనకాల ఉండేవే ఈ సన్నటి గాజు గొట్టాలు. 12 వోల్టుల్ని వందల వోల్టులుగా మార్చే చిన్న ఇన్వర్టర్ డబ్బీ వాటికి తోడుండాలి. గొట్టం పగిలేది, ఇన్వర్టర్ సన్నగా ఈల వేసేది. అయినా ఆ నీలి వెలుగు కోసం భరించారు.

నీలి రంగే ఎందుకు? అక్కడ ఇంకో కథ ఉంది. మనకి కంటికి కనబడే ఎరుపు ఎల్‌ఈడీ 1962లోనే వచ్చింది. తర్వాత ఆకుపచ్చ, పసుపు వచ్చాయి. గట్టిగా వెలిగే నీలం మాత్రం మూడు దశాబ్దాల పాటు ఎవరికీ లొంగలేదు. 1993లో జపాన్‌లో నిచియా అనే కంపెనీలో పనిచేసే షుజి నకమురా దాన్ని సాధించాడు. అంతకుముందు ఇసాము అకసాకి, హిరోషి అమానో వేసిన దారి ఉంది. ముగ్గురికీ కలిపి 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. నకమురాకి కంపెనీ ఇచ్చిన బోనస్ 20 వేల యెన్‌లు. ఆయన కోర్టుకెక్కాడు, 2005లో సుమారు 84 కోట్ల యెన్‌లకి రాజీ కుదిరింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిస్తేనే అన్ని రంగులూ. నీలం లేకపోతే ఇవాళ మీ చేతిలో ఉన్న ఫోన్ తెరే లేదు, ఇక రంగు ఫ్యాన్ల మాటెక్కడ?

మన ఎండ, మన టేబుల్ ఫ్యాన్

ఇదంతా అమెరికా, యూరప్ గొడవ అనుకోకండి. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో ఉన్న చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీ, ఎన్ని వేల అసెంబుల్డ్ పీసీలకి పుట్టిల్లో! ఒక్కో పార్టూ ఒక్కో షాపులో బేరమాడి కొని, అక్కడే బిగించుకుని బండి మీద ఇంటికి తెచ్చుకోవడం మనవాళ్ళకి బాగా తెలుసు. అది కుదిరింది కూడా ఆ ఏటీఎక్స్ కొలతల వల్లే.

మన సమస్య ఇంకా ముదురు. ఏ ఫ్యాన్ అయినా చిప్పుని గదిలోని గాలి కన్నా చల్లగా చేయలేదు. గది 20 డిగ్రీలుంటే చిప్పు 60 దగ్గర ఆగుతుంది అనుకోండి. అదే డబ్బాని మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో 42 డిగ్రీల గదిలో పెడితే అది 80 దాటుతుంది. అందుకే మన ఇళ్ళలో పక్క రేకు పీకేసి, టేబుల్ ఫ్యాన్‌ని డబ్బా మీదికి తిప్పడం అనే మహా మార్పు పుట్టింది. నవ్వకండి, అదీ మోడిఫికేషనే! కాకపోతే దానివల్ల దుమ్ము అంతా లోపలికి పోతుంది. దానికి బదులు ముందు నుంచి లోపలికి లాగే ఫ్యాన్లు రెండు, వెనక బయటికి తోసేది ఒకటి పెట్టి, ముందువైపు సన్నటి జాలీ బిగిస్తే మేలు. లోపలికొచ్చే గాలి ఎక్కువైతే సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, దుమ్ము లోపలికి రాదు.

కంపెనీలు వచ్చాయి

కుర్రాళ్ళు రంపంతో కోసుకుంటున్నది కంపెనీలు చూస్తూ ఊరుకుంటాయా? 2000ల్లోనే కిటికీ, లైటు ఫ్యాన్లు ముందే బిగించిన క్యాబినెట్లు మార్కెట్లోకి వచ్చేశాయి. 2014లో కోర్సెయిర్, రేజర్ లాంటి కంపెనీలు ప్రతి మీటా వేరే రంగులో వెలిగే కీబోర్డులు తెచ్చాయి. 2016 ప్రాంతంలో అక్రిలిక్ పోయి గట్టి గాజు వచ్చింది.

దీని వెనకాల ఒక చక్కటి చిన్న చిప్పు ఉంది, డబ్ల్యూఎస్ 2812. ఎల్‌ఈడీ లోపలే బుల్లి కంట్రోలర్ ఉంటుంది. పంక్తి భోజనాల్లో విస్తరాకుల కట్ట చేతులు మారినట్టు అనుకోండి. డేటా వైరు మీద సమాచారం వస్తుంది. మొదటి ఎల్‌ఈడీ తన 24 బిట్లు తీసుకుని మిగతాది పక్కదానికి అందిస్తుంది, అది తనది తీసుకుని ఇంకో దానికి. ఒక్కో రంగుకి 8 బిట్లు, అంటే ఒక్కో ఎల్‌ఈడీ 1,67,77,216 రకాల రంగులు చూపించగలదు. ఇక్కడ ఒక జాగ్రత్త. ఇలాంటి లైట్లకి 5 వోల్టులు, మూడు పిన్నులు. పాత రకం ఆర్‌జీబీకి 12 వోల్టులు, నాలుగు పిన్నులు. 5 వోల్టుల దాన్ని బలవంతంగా 12లో దూరిస్తే లైట్లు మాడిపోతాయి.

తర్వాత ఏమైంది? అందం కోసం ముందువైపు కూడా గాజు పెట్టేశారు. అంటే గాలి వచ్చే దారే మూసేశారు. ఫ్యాన్లు ధగధగా వెలుగుతున్నాయి, లోపలికి గాలి మాత్రం రావట్లేదు! వేడి కోసం పుట్టిన కళ వేడినే మర్చిపోయింది. రివ్యూలు చేసేవాళ్ళు థర్మామీటర్ పెట్టి చూపించాక, మళ్ళీ జాలీ మొహాల క్యాబినెట్లు వెనక్కి వచ్చాయి.

ఇంకోటి కూడా జరిగింది. ఫ్యాన్ స్క్రూల దూరం ఇప్పటికీ అదే 105 మిల్లీమీటర్లు. కానీ లైట్ల ప్లగ్గు ఒక్కో కంపెనీది ఒక్కో రకం, దాన్ని నడిపే యాప్ ఒక్కో రకం. మూడు కంపెనీల లైట్లు కొంటే మూడు యాప్‌లు. బిగించడానికి అందరూ చుట్టాలే, వెలిగించడానికి ఎవరి గుమ్మం వారిదే. తెరిచి ఉన్న డబ్బాకి మళ్ళీ తాళాలు పడుతున్నాయన్నమాట. దీనికి కొంతమంది ప్రోగ్రామర్లు ఓపెన్‌ఆర్‌జీబీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో జవాబిచ్చారు. ఏ కంపెనీ లైటు ఏ భాషలో మాట్లాడుతుందో విని, అర్థం చేసుకుని, అన్నిటినీ ఒకే చోట నుంచి నడిపేలా రాశారు. చూడండి, ఇదీ పాత పనే. రంపం బదులు కోడ్ వచ్చింది, అంతే.

ఇప్పుడు మీరు ఈ ఎపిసోడ్ చూస్తున్న ఫోన్‌ని ఒకసారి తిప్పి చూడండి. స్క్రూ కనబడుతోందా? వెనక పలక జిగురుతో అతికించి ఉంటుంది. బ్యాటరీ మార్చాలంటే వేడిచేసి జిగురు కరిగించాలి. 1984 మాకింతోష్ ఆలోచన మన జేబుల్లో గెలిచింది. అందుకే ప్రపంచమంతా రైట్ టు రిపేర్ గురించి అడుగుతున్నారు. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022 డిసెంబరులో దీనికోసం ఒక పోర్టల్ తెరిచింది. కొన్న వస్తువుని విప్పి బాగుచేసుకునే హక్కు మనకుందా లేదా అన్నదే ప్రశ్న. ఆ హక్కుని ఎవరినీ అడక్కుండా వాడేసుకున్నవాళ్ళ కథే మనం ఇంతసేపూ చెప్పుకున్నది.

మీ ఇంట్లో మూల పడున్న పాత పీసీ ఉంటే ఈ ఆదివారం మొదలెట్టండి. ముందు ప్లగ్గు పీకండి. పక్క రేకు తీసి, బ్రష్‌తో దుమ్ము దులపండి. ఫ్యాన్ గాలి ఎటు పోతోందో చూడండి. రెక్కల్ని పట్టుకునే ప్లాస్టిక్ కాళ్ళు ఎటువైపు ఉంటే గాలి అటువైపు బయటికొస్తుంది. అన్నీ సరిచూసుకున్నాక, చివర్లో లైటు పెట్టుకోండి, మీకిష్టమైన రంగే పెట్టుకోండి. తెరిచి చూస్తే మీకు ఏం దొరికిందో కామెంట్లో రాయండి.